మెలిస్సా ఇంట్లో మౌన భోజనం

ఆఫీస్‌లో లంచ్ చేస్తూ, మా ఇంట్లో పెద్దల తిథికి కాకికి ముద్ద పెడతామని చెప్పాను. మా టీమ్‌లోని మెలిస్సా తినడం ఆపేసి, తను విక్కన్ అని, అంటే ప్రకృతిని కొలిచే మతం తనదని మెల్లగా చెప్పింది. వాళ్ళకి ఏడాదికి ఎనిమిది పండుగలట. పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు రెండు, అతి పెద్ద పగలు, అతి పెద్ద రాత్రి ఉండే రోజులు రెండు, వాటి మధ్యలో మరో నాలుగు. పంటలు ముగిసి చలి మొదలయ్యే వేళ వచ్చే సావిన్, పోయినవాళ్ళని తలుచుకునే పండుగ. ఈసారి వాళ్ళమ్మకి పళ్ళెం పెడుతున్నానని, నన్నూ రమ్మని పిలిచింది. ఆఫీస్‌లో ఎవరికీ చెప్పొద్దంది. మేముండే బెంటన్‌విల్ చిన్న ఊరు, విక్కన్లంటే మంత్రగత్తెలనుకుంటారు, తెలిస్తే ఉద్యోగానికే ఎసరొస్తుందని ఆమె భయం.

నాకు కారు లేదు. మా ఆఫీస్‌లోనే పనిచేసే ప్రవీణ్ డ్రైవ్ చేస్తానన్నాడు. మెలిస్సా కాసేపు ఆలోచించి, నా మాట మీద సరేనంది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

శనివారం మూడింటికి బయల్దేరాం. హంట్స్‌విల్ మీదుగా జాస్పర్ వైపు కొండదారిలో రెండు గంటలు, గ్యాస్‌కి, అంటే పెట్రోల్‌కి, ముప్పై డాలర్లు దాటదు. హంట్స్‌విల్ తర్వాత సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మెలిస్సా పిలిచింది అక్కడ వాళ్ళమ్మ బతికిన ఇంటికి. గుమ్మంలోనే మెలిస్సా ఫోన్లు కార్‌లో పెట్టి రమ్మంది. నేను పెట్టొచ్చాను. ప్రవీణ్ తల ఊపాడు.

ఎవరూ మాట్లాడకుండా తినడమే ఆ రోజు ఆచారం. గుమ్మడికాయ సూప్, మొక్కజొన్న రొట్టె, యాపిల్ పళ్ళు. బల్ల చివర ఖాళీ కుర్చీ, దాని ముందు వాళ్ళమ్మ పళ్ళెం. అందరికంటే ముందు అందులో వడ్డించి మెలిస్సా కళ్ళు తుడుచుకుంది. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

తిరిగొస్తూ హంట్స్‌విల్‌లో గ్యాస్ కోసం ఆగాం. ప్రవీణ్ కాఫీకని లోపలికెళ్ళాడు. కాసేపటికి నా ఫోన్ మోగింది. మా ఆఫీస్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో ప్రవీణ్ పెట్టిన ఆ బల్ల ఫొటో, కింద "మంత్రగత్తె ఇంట్లో దయ్యాల విందు" అని. మెలిస్సా ముఖం స్పష్టంగా కనిపిస్తోంది.

"తీసెయ్," అన్నాను అతను రాగానే.

"జోక్ అక్కా. గ్రూప్‌లో అంతా మనోళ్ళే కదా."

"మీ ఇంట్లో తద్దినం పెడుతుంటే ఎవడైనా ఇలాగే ఫొటో తీసి నవ్వితే ఊరుకుంటావా?"

తీసేశాడు. అప్పటికే మేనేజర్‌కి ఫార్వర్డ్ చేశానని గ్రూప్‌లో ఒకడు గొప్పగా రాశాడు. ప్రవీణ్ చేసింది తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే.

అక్కణ్ణుంచే ఆ ఇంటి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి మెలిస్సాకి అంతా చెప్పాను. తను ఉద్యోగం గురించి ఒక్క మాటా అడగలేదు.

"మా అమ్మ పళ్ళెం కూడా ఫొటోలో ఉందా?" అంది.

ఉందన్నాను. ఫోన్ పెట్టేసింది.

మన బొట్టుని ఎవరైనా వింతగా చూస్తే అదే గ్రూప్‌లో పేజీలకి పేజీలు రాస్తాం. ఇంకొకరు వాళ్ళ పెద్దలకి పెట్టుకున్న అన్నం మాత్రం మనకి నవ్వులాట. నాకు సిగ్గుగా ఉంది, అంతకు మించి కోపంగా ఉంది. మిమ్మల్ని ఎవరైనా సావిన్‌కి పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. కానీ తోడొచ్చేవాడు ఎంత దగ్గరివాడైనా సరే, వాడి ఫోన్ మీ చేత్తో తీసుకుని, కార్‌లో పెట్టి, తాళం వేశాకే ఆ ఇంటి గడప తొక్కండి.