బర్రెను ఇచ్చి తెచ్చిన బర్మార్

నాతోపాటు అమ్మగారింటి నుంచి వచ్చిన పాడి బర్రెను తోలుకుపోయి, మా ఆయన తాండూరు నుంచి రెండు గొట్టాల బర్మార్ తుపాకి తెచ్చాడు. యాభైలలో సంగతి. నాకు అప్పుడప్పుడే పెళ్లయింది. అడవిపందులు పల్లిచేను తవ్విపోస్తున్న మాట నిజమే. కానీ బర్రె నాది. ఇద్దామా అని ఒక్క మాటైనా అడగలేదు.

తుపాకి ఇచ్చింది ఒక ముసలి సాయిబు. ఒకప్పుడు పెద్ద వేటగాడట, చూపు మందగించి మానుకున్నాడు. మా ఆయన వికారాబాదుకు తిరిగి తిరిగి లైసెన్సు రాయించుకున్నాక, తుపాకి అప్పగిస్తూ ఆ సాయిబు ఒక్కటే చెప్పాడట: "జర హుషార్ పటేల్. ఒక్క గొట్టంల రెండుసార్లు మందు పోసినవనుకో, అది పగిలి నీ మొకం మీదికే వస్తది."

మా ఆయన ధైర్యం సగం అక్కడే పోయింది.

పరీక్ష చేద్దామని బండి కట్టుకుని పాడుబడ్డ బండల గనికి పోయాం. మా ఆయన, ఆయన అన్న అంటే మా బావ, సద్దిమూటతో నేను. ఒక బండ నిలబెట్టి సుద్దతో పంది బొమ్మ గీశారు. నా కంటికి అది బర్రెలాగే ఉంది.

గొట్టంలో మందు పోయాలి, గుడ్డపీలిక, చర్రలనే సన్నని సీసపు గుండ్లు వేసి కడ్డీతో దట్టించాలి. చివర నిప్పు అంటుకోవడానికి ఒక్కో గొట్టానికి చిన్న రాగి టోపీ పెట్టాలి. ఆ టోపీలు పోతాయని మా ఆయన నా కొంగున కట్టించాడు. అన్నదమ్ములు ముచ్చట్లలో పడి నింపారు.

"తమ్మీ, గీ ఎడమ దాంట్ల పోసింది నువ్వా, నేనా?" అన్నాడు బావ.

"నువ్వే గదనే."

"నేను కుడి దాంట్ల పోసిన."

"నేను గూడ కుడి దాంట్లనే పోసిన కావచ్చు."

ఇద్దరూ తుపాకిని మెల్లగా కింద పెట్టి వెనక్కి జరిగారు. నేను చూస్తూనే ఉన్నాను, దేంట్లో పడవలసింది దాంట్లోనే పడింది. చెబుదామని నోరు తెరిచి, బర్రె గుర్తొచ్చి మూసుకున్నాను.

తుపాకిని బండికి పగ్గాలతో కట్టి, మీటలకు తాడు ముడేసి, రాళ్లగుట్ట వెనక బోర్లా పడుకున్నారు. బావ దేవుణ్ణి తలుచుకుని లాగాడు. టక్‌మంది, అంతే. రెండోదీ టక్‌మంది.

"మందు తడిసిందేమో," అన్నాడు బావ. ఎండ ఎక్కేదాకా ఆగారు. అక్కడే పడుకుని రొట్టెలు తిన్నారు. తింటూ తింటూ మా ఆయన నావైపు తిరిగాడు.

"ఏమే, టోపీలేవి?"

"నా కొంగుల ఉన్నయి."

"మరి చెప్పవేందే?"

"మీరు అడిగిండ్రా? బర్రెను తోలుకపోయినప్పుడు అడిగిండ్రా?"

బావ తలపాగా కొస మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

టోపీలు పెట్టడానికి ఎవరూ లేవలేదు. నేనే పోయి, కట్లు విప్పి, టోపీలు పెట్టి తుపాకిని భుజానికి ఆనించాను. మా ఆయన "వద్దే" అని లేచేలోపు రెండు మీటలూ ఒక్కసారే నొక్కేశాను. గూబ గుయ్యిమంది. వెల్లకిలా పడ్డాను. పొగ పోయాక చూస్తే పందికి ఒక్క చర్రా తగల్లేదు. ఎద్దులు మాత్రం పలుపులు తెంపుకుని బషీరాబాదు తోవ పట్టాయి. వాటి వెనక అన్నదమ్ములిద్దరూ.

భుజం కమిలి చాన్నాళ్లు కడవ ఎత్తలేకపోయాను. నీళ్లు మా ఆయనే మోశాడు. తుపాకి పని మాత్రం నాకే మిగిలింది. పొద్దుగూకే వేళ గట్టు మీద నిలబడి పైకి కాలిస్తే చాలు, పందులు మా చేను వదిలి పక్కనున్న బావ చేనులో పడేవి.

బావ కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఒకనాడు గట్టు దాకా వచ్చి, "అమ్మా, జర మా చేను దిక్కు నుంచి కాల్చరాదూ," అన్నాడు.