పదో రీబౌండ్

పీఈటీగా రిటైరయ్యాక విజయవాడలో జరిగే ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకి లెక్కలు రాసే పని ఒప్పుకున్నాను. ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారు, రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతిని ఎవరెన్నిసార్లు పట్టారు, అంటే రీబౌండ్లు, అన్నీ నా షీట్‌లోనే ఉంటాయి.

ఒకరోజు మ్యాచ్‌కి ముందు ఒక టీము ఓనరు గారు నాకు శాలువా కప్పారు. లెక్కలు రాసేదానికి సన్మానమేంటని అప్పుడే అనుమానం రావాల్సింది. నేను మాత్రం ఫొటోకి నవ్వాను.

ఆట అయిపోగానే ఆయన నా కుర్చీ మీదికి వంగారు. "మా మేనల్లుడికి తొమ్మిది రీబౌండ్లేనటండీ. మన టీములోనే ఆ మైలవరం అబ్బాయికి పది ఉన్నాయిగా, అందులోంచి ఒకటి ఇటు సర్దెయ్యండి మేడం" అన్నారు. సెంటూ కిళ్ళీ కలిసిన వాసన గుప్పుమంది. ఛీ అని లేచి వెళ్ళిపోవాల్సిందాన్ని. భుజాల మీద ఆయన శాలువా ఉంది. మార్చి రాశాను.

షీటు గోడకి అంటించాక ఆ మైలవరం అబ్బాయి చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"మేడం, నాకు పది కదండీ? పది పడితే వచ్చే మ్యాచ్‌లో మొదటి అయిదుగురిలో దింపుతానన్నారు కోచ్ గారు."

"తొమ్మిదే బాబూ" అన్నాను, తలెత్తకుండా.

"అయితే నేనే తప్పు లెక్కపెట్టుకున్నానండీ. సారీ మేడం" అని, పెద్దదాన్నని నా కాళ్ళకి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ శాలువాని రెండుసార్లు ఉతికించాను. ఆయన సెంటు వాసన ఎప్పుడో పోయింది. బీరువా తీసినప్పుడల్లా కొట్టే కంపు మాత్రం నాదే.