తుపాకీ కర్రకు రాసిన నూనె

మా చిన్నప్పుడు... వేట తుపాకీని శుభ్రపరచి భద్రపరచు విషయమై మా ఇంట సర్వులూ శిరసావహించిన పద్ధతి ఒకటి అమలులో ఉండేది. సదరు పద్ధతిని ఉన్నది ఉన్నట్టుగా తెలియజేయుట నా బాధ్యతగా భావిస్తున్నాను...

ఆదివారం ఉదయం అరుగు మీద గోనెసంచి పరిచేవారు. తాత తుపాకీ గొట్టాన్ని వెలుగుకేసి ఎత్తి, ఒక కన్ను మూసి, లోపలికి చూసేవారు. అందులో తూటా లేదని వీధి అంతటికీ తెలుసు. అయినప్పటికీ చూడవలెను... తరువాత పొడవాటి ఊచకు పాత పంచె ముక్క చుట్టి, కిరసనాయిలులో ముంచి, గొట్టంలో దూర్చి లాగేవారు. గుడ్డ తుప్పురంగు పోయి తెల్లగా వచ్చేవరకు లాగి, ఆపైన కుట్టుమిషను నూనె పట్టించేవారు.

చోడవరం అవతల మా చెరుకు తోటలోకి అడవిపందులు దిగుతాయని తాత లైసెన్సు తీసుకున్న తుపాకీ అది. అయితే తాతకూ, ఆయన తమ్ముడైన మా చిన్నతాతకూ ఆస్తి పంపకాలు జరిగినప్పుడు ఇద్దరూ తుపాకీ నాదంటే నాదన్నారు. పెద్దమనుషులు చాలాసేపు ఆలోచించారు.

"తుపాకీని నరికి పంచలేం కదా బాబూ... ఇప్పదీసి పంచుతాం" అన్నారు.

ఆ ప్రకారం గొట్టం తాతకు, తూటాల పెట్టె చిన్నతాతకు దక్కాయి. మిగిలిన, భుజానికి ఆనించే కర్ర భాగాన్ని ఎవరికిచ్చినా రెండోవారు అలుగుతారు గనుక మా మామ్మకు అప్పగించారు. ఆవిడ దానికి నూనె రాసి, పాత చీరలో చుట్టి, ధాన్యం గాదె వెనక నిలబెట్టేది.

అన్నదమ్ములకు ఆనాటి నుంచి మాటల్లేవు. కాబట్టి ఒక పంది చావాలంటే ముందు ముగ్గురు మనుషులు కలవాలి... వాళ్ళు కలవలేదు. పందులు సుఖంగా జీవించాయి.

ఒక ఏడాది చెరుకుకు ఎర్రకుళ్ళు తెగులు తగిలింది. తోటంతా నరికి, కుప్పలు వేసి తగలబెట్టేశారు. నాన్న ఆ కుప్పల పక్కన నిలబడి, మంట ఆరాక కూడా ఇంటికి రాలేదు. తరువాత అన్నం సరిగా తినేవారు కాదు. ఎవరు పిలిచినా రెండోసారికి గాని పలికేవారు కాదు...

ఆ వేసవిలో ఒకరోజు నాన్న తాత దగ్గరకు వెళ్ళారు.

"నాన్నా, గొట్టం ఓపాలి ఇయ్యి. పందులొస్తన్నాయి."

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది నీకు! తీసుకో. సొక్కాకి నూనె అంటించుకోకు" అన్నారు తాత. అడిగేవాడు దొరికాడన్న సంతోషంలో ఆయన ఇంకేమీ ఆలోచించలేదు.

అక్కడి నుంచి చిన్నతాత ఇంటికి. వెనకే నేనూ వెళ్ళాను.

"రేపు రారా సూరీ. పెట్టె తాళం ఎక్కడెట్టేనో ఎతకాలి" అన్నారు చిన్నతాత నాన్నతో. తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతోంది... నాకు కనబడింది. నాన్నకు కూడా కనబడే ఉంటుంది.

మేము ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కునేలోగా చిన్నతాత మా పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. పంపకాల తరువాత ఆయన మా గుమ్మం తొక్కడం అదే మొదలు. మామ్మ బియ్యం చెరుగుతోంది.

"వదినా... సూరిగాడు తూటాలడిగేడు."

మామ్మ చేట కింద పెట్టింది. "మీ అన్నకి సెప్పేవా?"

"ఆడితో నాకు మాటల్నేవు. నువ్వే సెప్పు."

"సెప్పక్కర్నేదు, ఇనబడింది" అన్నారు తాత గదిలోంచి. ఆపైన గొంతు తగ్గించి అన్నారు... "గొట్టం నేనిచ్చేసేను."

నాన్న గొట్టం చేత్తో పట్టుకుని వచ్చారు. "అమ్మా, కర్ర ఇయ్యి."

"పొద్దుటే నూనె రాసేను. ఆరనేదు."

"ఆరకపోతే ఏటమ్మా? పందులొస్తన్నాయి."

మామ్మ ఆయన మొహంలోకి చూసింది. "తోటంతా తగలెట్టేసేం కదరా సూరీ. పందులేటి తింటాయి... బూడిదా?"

చిన్నతాత ముందుకు వచ్చి నాన్న చేతిలోని గొట్టం తీసుకుని, గదిలోకి వెళ్ళి, అన్నగారి మంచం మీద పెట్టి, బయటకు వచ్చేశారు.

ఆ మరునాటి నుంచి సాయంత్రం కాగానే మామ్మ కర్రను తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టేది. "ఈ మూల పొడిబారింది, రాయి." ఆయన రాసేవారు. "ఆ పక్కన?" మళ్ళీ రాసేవారు... చిన్నతాత రోజూ పెరటి దారిన వచ్చి అడిగేవారు.

"ఆరిందేటి వదినా?"

"నేదు."

"నేదంట" అని ఎవరికో చెబుతున్నట్టు గట్టిగా అనేవారు. గదిలోంచి తాత "మంచిది" అనేవారు. అన్నదమ్ముల మధ్య మాటలు ఆ మేరకు పునరుద్ధరింపబడ్డాయి.

కర్ర మీద తడి పడరాదని మా పద్ధతిలో ఒక నిబంధన ఉంది. ఒక సాయంత్రం నాన్న దానిని ఉల్లంఘించారు. తల వంచుకునే ఉన్నారు... భుజాలు మాత్రం కదులుతున్నాయి. మామ్మ చీర కొంగుతో కర్రను తుడిచి, నూనె గిన్నె మళ్ళీ ఆయన ముందుకు జరిపింది.

తొలకరి పడేదాకా ఆ నూనె ఆరలేదు. వాన పడ్డాక నాన్న తనంతట తానే నాగలి తీశారు.

ఇప్పుడు తాత, చిన్నతాత, మామ్మ... ఎవరూ లేరు. గొట్టాన్నీ కర్రనూ బిగించి, తూటాల పెట్టెతో సహా పోలీసు స్టేషనులో అప్పగించేశాము. నాన్న ఉన్నారు. ఈ ఉదయం కూడా టీలో పంచదార తక్కువైందని ఫిర్యాదు చేశారు.

ఇప్పటి ఇళ్ళల్లో ఎవరి గది వారిది, ఎవరి తాళం వారిది. ఏం కావాలన్నా ఎవరినీ అడగనక్కర్లేదు... ఎందుకని అడిగేవారూ లేరు. మీ ఇంట్లో ఏ వస్తువు ఎవరి అధీనంలో ఉండేది? అడిగితే ఏం సాకు చెప్పేవారు? తెలియజేయగలరు.

చివరిగా ఒక నిబంధన. కర్రకు రాసిన నూనె ఆరేవరకు తుపాకీ ఎవరికీ ఇవ్వబడదు. నూనె ఆరినదీ లేనిదీ నిర్ణయించు అధికారం మామ్మకు మాత్రమే గలదు. మామ్మ లేనందున నూనె ఆరలేదనే భావించవలెను... ఇదే అంతిమం.