మెత్తగా మాట్లాడిన పూట

వార్డులో నేను అరిస్తే గేటు దాకా వినిపిస్తుందని అంటారు. అందుకేనేమో, రోగులతో దయగా మెలగడం, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం నర్సులకు నేర్పే శిక్షణకు వనపర్తికి ముందుగా నన్నే పంపారు. "కోపం వస్తే నోరు తెరవకండి. నిండా ఊపిరి పీల్చుకోండి. పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, నెమ్మదిగా చెప్పండి" అన్నారు అక్కడ పాఠం చెప్పిన మేడం. ఇది మా దగ్గర నిజంగా పనిచేస్తుందా? ఎప్పుడెప్పుడు చేసి చూద్దామా అని బస్సులో ఒకటే ఆరాటం.

మర్నాడే నాగర్‌కర్నూల్ దవాఖానలో అవకాశం దొరికింది. లింగాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన నిమ్ముతో మా వార్డులో ఉన్నాడు. ఆక్సిజన్ మీద ఉన్నా, కోలుకుంటున్నాడు. చూస్తే, ఆయన భార్య మాస్కు పక్కకు లాగి చాయ్ తాగిస్తోంది! అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఊపిరి పీల్చుకుని, మాస్కు సర్ది, ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను.

"అవ్వా, గా మాస్కు తీస్తె తాతకు ఊపిరాడదు. నేనున్న గద, రంది పెట్టుకోకు" అన్నాను, నాకే కొత్తగా ఉన్న గొంతుతో.

ఆమె నా ముఖంలోకి అలాగే చూసి, చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. అబ్బో, పనిచేసిందే అని మురిసిపోయాను.

ఇంకో మంచం చూసి వచ్చేసరికి ఆమె దుప్పట్లు మూట కడుతోంది. ఆటో తెమ్మని కొడుక్కి ఫోన్ కూడా చేసిందట.

"యాడికి అవ్వా?"

"ఇంటికి తీస్కపోత బిడ్డా. పాణం ఇంట్లనే పోనీ."

"పాణం పోతదని ఎవరు జెప్పిన్రు?"

"నువ్వే గద! మొన్నటిదాక కసిరినవ్. ఇయ్యాల చెయ్యి వట్టుకొని గంత మెల్లగ మాట్లాడితివి. ఇంక ఏముంటది?"

ఇక ఆశ లేదంటే మా వైపు మనిషిని ఇంటికి తీసుకెళ్లిపోతారు, ఆఖరి ఊపిరి సొంత గడపలో పోవాలని. ఆక్సిజన్ లేకుండా ఆటోలో లింగాల దాకా పోతే ఈయన దక్కడు. శిక్షణ గిక్షణ గాలికి పోయింది.

"మూట ఇప్పు! మనిషి మంచిగైతుంటే సావుకు తయారు జేస్తున్నవా? కూసో ఆడ! మాస్కు మల్ల ముట్టినవంటే బయటికి దోలుత!"

గేటు దాకా వినిపించే ఉంటుంది.

అవ్వ ముఖం విప్పారింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, మూట విప్పి, మంచం పక్కన కూర్చుంది. ఇన్నాళ్లూ నా అరుపుల్లో ఈమెకు ఏం వినిపించిందో అనుకుంటూ నేనూ పక్కనే కూలబడ్డాను. ఈసారి ఆమే నా చేయి పట్టుకుంది.

"రోజు గట్లనే తిట్టు బిడ్డా" అంది, మెల్లగా.