వినబడే మలుపులు

బస్సుల గ్యారేజీలో ఆయన్ని అందరూ మేస్త్రి అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్లు బస్సుల కింద దూరి కమాను పట్టీలు బిగించిన మనిషి. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చి, చివరికి గొట్టంలోంచి చూస్తున్నట్టయింది. ఒకనాడు అంచు కనబడక రిపేరు గుంతలో పడ్డాడు. మర్నాటి నుంచి రావద్దన్నారు. మిగిలిన చూపు కూడా ఏడాది నిలవదని డాక్టరమ్మ తేల్చేసింది.

ఇక ఆయనకు మిగిలింది ముందుగదిలో కంప్యూటరు, బల్లకు బిగించిన స్టీరింగు, కాళ్ల దగ్గర పెడళ్లు. కొండదారుల్లో కారు పరిగెత్తించే ర్యాలీ ఆటలో ఆయన గట్టివాడు. వారం వారం జరిగే పోటీలో తొమ్మిది వందల మందికి గాను మొదటి పదిమందిలో ఉండేవాడు. అందులో అవకాశం ఒక్కటే, కారు పోతే ఆ వారం అంతే. ఇప్పుడు వరసగా ఆరు వారాలు కారు పోయింది. ఎడమ మలుపు కనబడేసరికే కారు లోయలో ఉండేది.

తిండి సహించడం మానేసింది. కారుని సరిచేస్తే కళ్లు బాగవుతాయన్నట్టు సెట్టింగుల మీద పడ్డాడు. కంకర దారి కాబట్టి స్ప్రింగులు మెత్తన చేశాడు, కారు ఎత్తు పెంచాడు, వెనక భాగం తేలిగ్గా తిరగాలని బ్రేకు బలం కాస్త వెనక చక్రాలకు మళ్లించాడు. ఏడో వారమూ అదే గతి. స్టీరింగు మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆయన భార్య సిటీ బస్సు కండక్టరు. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. ఆటలోనే మలుపులు చెప్పే గొంతు ఉంది కదా అని అడిగింది. అది చూపున్నవాళ్లకి సరిపోతుంది, నాకు ఆలస్యమైపోతోంది అన్నాడు.

"అయితే నేను ముందే చెప్తాను. స్టాపు వచ్చాక అరిస్తే ఎవరు దిగుతారండీ?"

ఆ వారం దారిలో ఎవరో నడిపిన వీడియో చూసి మలుపులన్నీ నోటుబుక్కులో రాసుకుంది. ఒకటంటే బాగా వంకర, ఆరంటే దాదాపు తిన్నన. ఎంత ముందు చెప్పాలో ఆయన నేర్పాడు. మలుపుకి ముందు క్షణం పాటు స్టీరింగు ఎదురువైపు తిప్పాలి, ఎడమ కాలితో బ్రేకు తాకాలి, బరువు ముందు చక్రాల మీదికి వచ్చాక కారుని లోపలికి విసరాలి. అంత పనికి వ్యవధి కావాలి.

ఎనిమిదో వారం బయల్దేరారు. సగం దారిలో ఆమె ఒక వరస తప్పింది. వేలు కాగితం మీద వెతుకుతోంది.

"చెప్పవే," అన్నాడు ఆయన. "నాకేం కనబడట్లేదు."

"ఎడమ రెండు. పోనుపోను వంకర ఇంకా బిగుస్తుంది."

ఆ కాస్త ఆలస్యానికే కారు అంచు రాయిని ఒరుసుకుని టైరు పేలింది. మూడు చక్రాల మీదే ఈడ్చుకుంటూ ముగింపు గీత దాటారు. ఎన్నో స్థానమని అడిగాడు. అబద్ధం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆరు వందల పద్నాలుగు."

ఆయన లేచి నీళ్లకని వెళ్తూ తలుపు చెక్కకి కొట్టుకుని, అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

ఏడాది నిండకముందే ఉన్న వెలుగూ ఆరిపోయింది. అయినా రోజూ ఆమె డ్యూటీ దిగాక ఆటకు కూర్చుంటారు. పోటీ కాదు, ఎన్నిసార్లయినా మొదలుపెట్టగల మామూలు ఆట. ఆమె మాట మీదే ఆయన నడుపుతాడు. వెలుగు పోయాక గమ్యం ఒక్కసారీ చేరలేదు. నిన్న పదకొండు మలుపులు దాటారు. పన్నెండోది ఆమె సరిగ్గానే చెప్పింది, ఆయన చేయే ఆలస్యమైంది. మళ్లీ మొదలుపెట్టే మీట కోసం ఆయన తడుముకుంటుంటే, ఆమె ఆయన వేలు పట్టుకుని దాని మీద పెట్టింది.