మా మేడ మీద పోర్టు పలికిన రోజు

పెళ్ళయి పాలకొల్లు వచ్చాక నా ఉద్యోగం మా స్టీలు సామాన్ల కొట్టు మీది గదిలోకి మారింది. కింద అత్తయ్యగారూ మా ఆయనా గిన్నెలు, బిందెలు అమ్ముతుంటే, పైన నేను డ్రైవర్లు రాసేదాన్ని. డ్రైవరంటే ఏ పరికరాన్ని ఎలా నడపాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు నేర్పే ప్రోగ్రాము.

ఆ ఏడు మా కంపెనీ రైస్‌మిల్లుల కోసం ఒక చిన్న కంప్యూటర్ బోర్డు తయారుచేసింది. దాని యూఎస్‌బీ పోర్టుకు కెమెరా తగిలిస్తే, బియ్యంలో నూకలెన్నో, రంగు మారిన గింజలెన్నో చూసి చెప్పాలి. బోర్డు కొరియర్‌లో వచ్చింది. కెమెరా తగిలించాను. ఉలుకూ పలుకూ లేదు. కేబుల్ మార్చాను. కెమెరా తీసి పెన్‌డ్రైవ్ పెట్టాను. అదే వరస.

అత్తయ్యగారు పెసరట్టు పట్టుకుని పైకి వచ్చారు. "ఏంటమ్మా, పిలిచినా పలకవు? ఏమైంది దానికి?"

"కెమెరా పెట్టిన సంగతి దానికి తెలియట్లేదండి."

"అయితే చెప్పు మరి!"

నవ్వొచ్చింది. నా ఉద్యోగమే అది. యూఎస్‌బీ కంట్రోలర్ రెండు రకాలుగా పనిచేయగలదు. తనకు తగిలించిన వస్తువులను తాను నడపగలదు. లేదా తానే ఒక పెన్‌డ్రైవ్‌లా వేరే కంప్యూటర్‌కు తగులుకోగలదు. ఈ బోర్డులో ఏ పాత్ర, ఎంత వేగం అన్నది డ్రైవర్ తనంతట తాను కనిపెట్టలేదు. హార్డ్‌వేర్ లక్షణాలు వర్ణించే ఫైల్లో మనమే రాసిపెట్టాలి. మా ఫైలు చిప్పు చేసినవాళ్ళ నమూనా బోర్డుది. దాన్నే కాస్త మార్చి వాడుతున్నాం.

పెసరట్టు తింటూ మా బోర్డు సర్క్యూట్ బొమ్మను నేలమీద పరుచుకున్నాను. పాత్ర ఏదో సైగ చేసే తీగ ఒకటి నమూనా బోర్డులో ఉంది. మా దాంట్లో లేదు. డ్రైవర్ పాపం, రాని సైగ కోసం కాచుక్కూర్చుంది. 'ఇది ఎప్పుడూ హోస్టే', అంటే ఎప్పుడూ నడిపేదే, అని చెప్పే లైను రాశాను. బాగా ఎక్కువ వేగానికి కావలసిన తీగలూ లేవు కాబట్టి, గరిష్ఠ వేగం ఇంతేనని ఇంకో లైను. మార్చిన ఫైలుతో సిస్టమ్‌ను మళ్ళీ బిల్డ్ చేసి, బోర్డులోకి ఎక్కించి ఆన్ చేశాను.

తెర మీద మా గది ఫ్యాను తిరుగుతూ కనిపించింది!

"వచ్చిందండీ!" అని నేను పెట్టిన కేకకు కింద ఏదో బిందె దొర్లింది. మా ఆయన పరుగెత్తుకొచ్చారు. అత్తయ్యగారు వంటింట్లోంచి గుప్పెడు బియ్యం తెచ్చి కెమెరా కింద పోశారు. గింజలు తెరనిండా పెద్దవిగా కనబడ్డాయి.

"అమ్మో, ఇన్ని నూకలా!" అంటూ అప్పటికప్పుడే బియ్యం కొట్టాయనకు ఫోన్ చేశారు. "ఏవండీ, మీ బియ్యం బండారం మా కంప్యూటర్లో కనబడుతోందండి. ఒకసారి వచ్చి చూసుకోండి!"

ఆయన నిజంగానే వచ్చారు. కోప్పడకపోగా, తన అరచేతిని కెమెరా కింద పెట్టి గీతలు చూసుకుని మురిసిపోయారు. మర్నాడు మంచి బియ్యం బస్తా పంపించి, నూకలది వెనక్కి తీసుకెళ్ళారు.

ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందరూ కలిసి రాసే ఉమ్మడి చోటికి మా బోర్డు వర్ణనను పంపాను. ఎక్కడో విదేశంలో ఉన్న ఒకాయన చదివి, ఆ తీగ ఎందుకు లేదో కూడా వివరించమన్నారు. వివరించాను. కొన్నాళ్ళకు 'చేర్చుకున్నాం' అని జవాబొచ్చింది. ఇక ఆ సిస్టమ్ ఎక్కడికి వెళ్ళినా నేను రాసిన లైన్లు దాని వెంటే వెళతాయి.

ఆనందం పట్టలేక మెట్లు దిగి కొట్లోకి పరుగెత్తాను. పెళ్ళిళ్ళ సీజన్, కొట్టు కిటకిటలాడుతోంది. సంగతి వినగానే అత్తయ్యగారు పూతరేకుల డబ్బా తెరిచి అందరికీ పంచడం మొదలుపెట్టారు.

బిందె బేరమాడుతున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "కోడలికి విశేషమా అండీ?" అన్నారు.

"విశేషమేనండి," అన్నారు అత్తయ్యగారు, ఆవిడ చేతిలో ఇంకో పూతరేకు పెడుతూ. "యూఎస్‌బీ!"