మేనత్తగారు వేసిన పెళ్ళిముడి

మొన్న మా మనవరాలు తన పెళ్ళికి జడ ఎలా వేయించుకోవాలో తేల్చుకోలేక, ఫోనులో పాతకాలపు పెళ్ళికూతుళ్ళ ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తూ ఏది బాగుందో చెప్పమంది. మొగలిరేకుల జడలు, మల్లెమొగ్గల జడలు, మెడ మీదికి వదులుగా వాలిన ముడులు, అన్నీ బాగానే ఉన్నాయి. నేను మాత్రం ప్రతి ఫొటోలోనూ సొంత జుట్టెంత, సవరమెంత అని వెతకడం మొదలుపెట్టాను. ఈ అనుమానపు చూపు నాకు పదకొండో ఏట, మా పెద్దక్క పెళ్ళిలో అంటుకుంది. ఇంతకాలమైనా వదల్లేదు.

స్వరాజ్యం వచ్చిన నాలుగైదేళ్ళకు జరిగిన సంగతి. మాది ముక్తేశ్వరం దగ్గర పల్లె. అక్క జడ మోకాళ్ళు దాటేది. రాజోలు వైపు నుంచి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలో పెళ్ళికొడుకు మేనత్తగారు అక్కను పాట పాడమనలేదు, చదువెంతని అడగలేదు. వెనక్కి వెళ్ళి జడ చేతిలోకి తీసుకుని, జానతో కొలిచి, మెల్లిగా ఒకసారి లాగి చూసి, సంబంధం ఖాయం చేశారు. తల్లి లేని ఆ అబ్బాయిని పెంచింది ఆవిడే కనక ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురులేదు.

వైశాఖానికి ముహూర్తం పెట్టుకున్నాక, మాఘంలో అక్కకు టైఫాయిడ్ వచ్చింది. ప్రాణం దక్కింది గాని, పథ్యం తిన్న కొన్నాళ్ళకు దువ్వెన పెడితే చాలు జుట్టు కుచ్చులుగా ఊడివచ్చేది. మిగిలింది ఉండకట్టుకుపోతే అమ్మ ఏడుస్తూ భుజాల దగ్గరికి కత్తిరించింది. ఊడిన జుట్టంతా ఏరి దాచి, పొరుగూరి ఆవిడ చేత దానితోనే సవరం కట్టించింది. పైన నాగరం బిళ్ళ, కింద జడగంటలు, మధ్యలో సందులేకుండా మొగ్గలు కుట్టిన పూలజడ వేస్తే బ్రహ్మకు కూడా తెలియదని నాయనమ్మ తేల్చింది.

అప్పట్నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. పాలు పోసే ఆవిడ గుమ్మంలో రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే, అమ్మ ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూసేది. పక్కింటి పిన్నిగారు కుంకుడుకాయల కోసం వస్తే, నిజంగా వాటికోసమే వచ్చిందా అని నాయనమ్మ పొద్దుగూకేదాకా తర్కించేది. నన్ను అరుగు మీద కాపలా పెట్టారు. కాపలా కాసీ కాసీ నేను చివరికి మా నాన్నగారినే అనుమానించాను, ఎందుకంటే ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు. రాజోలు మనిషి ఎవరు వచ్చినా కొబ్బరితోటలోకి వెళ్ళిపోయేవారు.

ముహూర్తం పది రోజులుందనగా ఉత్తరం వచ్చింది. పెళ్ళికూతురి జడ మేనత్తగారే వేస్తారని, అది తమ ఇంటి ఆనవాయితీ అని, ముందురోజే పడవలో వస్తారని. ఇలాంటి ఆనవాయితీ ఏ ఇంట్లోనూ వినలేదంది నాయనమ్మ. ఎవరో చెప్పేశారంది అమ్మ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆవిడ వచ్చి, కాళ్ళు కడుక్కుని, తను తెచ్చుకున్న దువ్వెన తీసి, గదిలో పీట వాల్చమన్నారు. అప్పటికే అమ్మ అక్కకు సవరం కలిపి జడ బిగించి అల్లేసింది. దాని మీదే పూలు కుట్టేస్తే సరిపోతుందని నసిగింది.

"విప్పకుండా ఎలాగండి," అంటూ ఆవిడ జడ మీద చెయ్యి వేశారు.

అక్క లేచి, ఆవిడకు ఎదురుగా తిరిగి కూర్చుని, తనే సవరం ఊడదీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"జ్వరమొచ్చి ఊడిపోయిందండి. దీన్ని తగిలించుకుని పీటల మీద కూర్చోలేనండి. తర్వాత మీ ఇష్టమండి."

అమ్మ గోడకు ఆనుకుంది. ఆవిడ సవరాన్ని చాలాసేపు నిమిరారు.

"ఆయ్, జ్వరం సంగతి మాకెప్పుడో తెలుసమ్మా. చెప్తారో దాస్తారో చూద్దామనే వచ్చేను. మీ పెద్దవాళ్ళు దాచేరు, నువ్వు చెప్పేవు. మా ఇంటికొచ్చేది నువ్వే కదా."

మర్నాడు అక్క తలకు నూనె రాసి, చెవుల పక్క పొట్టి కురులు అలాగే వదిలేసి, మెడ మీద చిన్న ముడి వేసి, చుట్టూ మల్లెమొగ్గలూ మరువమూ పెట్టారు. పూలజడ లేని పెళ్ళికూతురా అని పందిట్లో గుసగుసలు పోయినవాళ్ళకు, ముడి తనే కోరి వేశానని ఆవిడే జవాబు చెప్పారు.

వాళ్ళకు సంగతి ఎవరు చేరవేశారన్నది మా ఇంట్లో ఏళ్ళ తరబడి తేలలేదు. నాయనమ్మ పాలావిడ మీద అనుమానంతోనే పోయింది. నా అనుమానం వేరు. సవరం ఒళ్ళో పడ్డప్పుడు ఆవిడ ఉలిక్కిపడి దువ్వెన జారవిడవడం గుమ్మంలోంచి నేను చూశాను. ఆవిడకు ఏమీ తెలియదేమో, మా పరువు నిలపడానికి అప్పటికప్పుడు ఆ మాట అనేశారేమో. మరి ఆ ఉత్తరం ఎందుకు రాసినట్టు?

ఇప్పుడు పెళ్ళికూతురి జడ పట్టి లాగి చూసేవాళ్ళు లేరు, పెట్టుడు జుట్టని చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళూ లేరు. మంచిదే. కానీ అక్కా, ఆవిడా కలిసి బతికిన ఇరవై ఏళ్ళలో ఒకరి మాటను ఒకరు మళ్ళీ శంకించలేదు. ఆ రోజు ఆ గదిలో అక్క అంత భయంలోనూ నిజం చెప్పింది, ఆవిడ ఆ నిజాన్ని మన్నించారు కనకనే ఆ నమ్మకం కుదిరిందని నాకనిపిస్తుంది. దాచడానికీ, బయటపెట్టడానికీ ఏమీ మిగలని ఈ కాలంలో అంతటి నమ్మకం మనుషులకు ఎలా కుదురుతుందో నాకు తెలియడం లేదు.